మాట ఎక్కడి నుంచి వచ్చింది? విద్యార్థులకూ పెద్దలకూ సమాచార, డిజిటల్, మీడియా అక్షరాస్యత నేర్పే విధానం

2024 సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు నీట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులోకి సందేశాలు ఆగకుండా వచ్చాయి. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీని ఢీకొన్నాయన్న వార్త వాటిలో ఒకటి, అది నిజం. దాన్ని ఆనుకునే, బ్యారేజీ తెగిపోతోందనీ తెల్లారేలోగా ఊరు ఖాళీ చెయ్యాలనీ మరో మాట వచ్చింది. అది నిజం కాదు. ముసలివాళ్లను మెట్లు దింపి కారెక్కించబోయిన ఒక కుటుంబాన్ని ఆపింది రెండో అంతస్తులో ఉండే బీకాం అమ్మాయి. అధికారులు ఆ పూట ప్రకటించిన నీటి లెక్కను వెతికి చూపించి, వీడియోలో కనిపిస్తున్న కట్టడం మన బ్యారేజీ కాదని, గేట్ల వరుసే వేరని ఆమె నెమ్మదిగా చెప్పింది.

ఆ అమ్మాయి చేసిన పని నేర్చుకుంటే వచ్చేదే. తెలివితేటలకూ పెద్ద చదువుకూ దీనితో సంబంధం చాలా తక్కువ. ఒక మాట చేతికి అందగానే దాన్ని నమ్మే ముందు, ఇంకొకరికి పంపే ముందు, అది ఎక్కడి నుంచి వచ్చిందో విచారించే అలవాటు మాత్రమే కావాలి. ఆ అలవాటును డిగ్రీ విద్యార్థుల్లోనూ, ఉద్యోగులు, గృహిణులు, వ్యాపారులు, విశ్రాంత ఉద్యోగులు వంటి పెద్దల్లోనూ ఎలా పెంచవచ్చో ఈ వ్యాసంలో వరుసగా రాస్తున్నాను. అధ్యాపకులైనా, గ్రంథాలయ ఉద్యోగులైనా, పొదుపు సంఘం నడిపేవారైనా, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి అయినా దీన్ని ఆచరించవచ్చు. వారానికి గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు, ఒక గది, ఒక నల్లబల్ల, ఎవరి ఫోను వారి చేతిలో ఉంటే సరిపోతుంది.

మొదట మూడు పేర్ల తేడా తెలియాలి. కావలసిన సమాచారాన్ని వెతికి, తూచి, వాడుకోగలగడం సమాచార అక్షరాస్యత. ఈ మాటను 1974లో అమెరికాలో పాల్ జుర్కౌస్కీ వాడుకలోకి తెచ్చారు. ఫోనును, యాప్‌లను, ఖాతాలను భద్రంగా వాడుకోవడం డిజిటల్ అక్షరాస్యత. ఒక వార్తను ఎవరు, ఎందుకు, ఎవరి కోసం తయారుచేశారో గ్రహించడం మీడియా అక్షరాస్యత. పుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాలు కావచ్చు; వాట్సాప్‌లో వచ్చే ఒక్క సందేశంలో మూడూ కలిసే ఉంటాయి కనుక కలిపే నేర్పాలి.

మొదటి అడుగు: చోటు, మనుషులు

వీలైతే గ్రంథాలయంలోనే మొదలుపెట్టండి. ఈ నేల మీద అందుకు ఒక అర్థం ఉంది. 1914లో బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ ఉద్యమానికి జీవితాన్ని ధారపోశారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారి పూనికతో పుస్తకాలు పడవెక్కి కాలువ వెంట ఊరూరికీ వెళ్లాయి. పెద్దవాళ్లకు చదువేమిటని ఆనాడు వాళ్లు అనుకోలేదు. చదువుకునే వ్యక్తి దగ్గరకే చదువును తీసుకుపోయారు. మనం చెయ్యవలసిందీ అదే కనుక, గ్రంథాలయం దూరమైతే అపార్ట్‌మెంటు సెల్లారులోనో కల్యాణమండపం వరండాలోనో కూర్చోండి.

బృందంలో పన్నెండు నుంచి పదహారు మంది వరకూ ఉండవచ్చు. అందులో సగం మంది విద్యార్థులు, సగం మంది పెద్దలు ఉండేలా చూడండి. నా అనుభవంలో అన్నిటికన్నా బాగా పనిచేసిన ఏర్పాటు ఇదే. విద్యార్థికి ఫోనులో ఏది ఎక్కడుందో తెలుసు కానీ, ఆర్టీవో కార్యాలయం నోటీసు ఎలా పంపుతుందో, బ్యాంకు ఏమి అడుగుతుందో, ఏమి అడగదో తెలియదు. నలభై ఏళ్లు లోకం చూసిన మనిషికి అవన్నీ తెలుసు. ఫోను తెర ముందే చెయ్యి తడబడుతుంది. ఇద్దరినీ జతగా కూర్చోబెడితే ఒకరి లోటును మరొకరు తీరుస్తారు. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టండి: పెద్దవారి ఫోనును విద్యార్థి తన చేతిలోకి తీసుకోకూడదు. నోటితో చెప్పాలి, నొక్కడం వారే నొక్కాలి. ఈ నియమం సడలిస్తే పాఠం అయ్యేసరికి పని పూర్తవుతుంది కానీ పెద్దవారికి ఏమీ అబ్బదు.

రెండో అడుగు: వాళ్ల ఫోనుల్లోంచే పాఠం

సిద్ధంగా తయారుచేసిన ఉదాహరణలు మొదటిరోజు వద్దు. గత వారం రోజుల్లో నమ్మబుద్ధయిన సందేశం ఒకటి, అనుమానం వచ్చిన సందేశం ఒకటి తీసుకురమ్మని అందరికీ చెప్పండి. పంపినవారి పేర్లు, ఫోను నంబర్లు, ఎవరి ఆరోగ్య వివరాలైనా ఉంటే అవి, చదివేటప్పుడు బయటకు రాకూడదు. పంపిన మనిషిని విమర్శించడం మొదలైతే రెండో వారం ఎవరూ రారు.

ప్రతి సందేశానికీ నాలుగు ప్రశ్నలు బల్లమీద రాయండి. ఈ మాట మొదట అన్నది ఎవరు? వారికి ఎలా తెలిసింది? ఎప్పటి మాట ఇది? నన్ను ఏమి చెయ్యమంటోంది? నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. వెంటనే పంపండి, వెంటనే కట్టండి, వెంటనే నొక్కండి అని తొందరపెట్టే మాటకు, మన ఆలోచన ఆగిపోతే లాభం ఉంటుందని అక్కడే అర్థమవుతుంది. భయం, కోపం, జాలి, ఆశ, వీటిలో ఏది కలిగిందో కూడా ఒక మాటలో రాయించండి. గుండె వేగం పెరిగిందంటే వేలు ఆగాలన్న గుర్తు ఆ రాతతోనే మనసులో నాటుకుంటుంది.

మూడో అడుగు: ఆ పేజీ వదిలి బయటకు రావడం

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగుకే సమయముంటే ఈ అడుగే నేర్పండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ప్రకటించిన అధ్యయనంలో పదిమంది చరిత్ర ఆచార్యులకు, పదిమంది వృత్తి నిజనిర్ధారకులకు, 25 మంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి వాటి విశ్వసనీయతను తేల్చమన్నారు. ఆచార్యులు, విద్యార్థులు చాలామంది ఇచ్చిన పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. చక్కటి లోగోలకు, గంభీరమైన పేర్లకు మోసపోయారు. నిజనిర్ధారకులు ఆ పేజీలో కొద్ది క్షణాలే ఉండి, బయటకు వచ్చి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. వారే త్వరగా, సరిగా తేల్చారు. పిల్లకు సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి చెప్పే మాటల మీద ఆధారపడకుండా వాళ్ల వీధిలో విచారించి వచ్చే పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. దాన్ని వెబ్‌సైటుకు అన్వయించమని చెబితే అరవై ఏళ్ల మనిషికి కూడా వెంటనే పట్టుబడుతుంది.

సాధనకు గుంటూరులో మిర్చి యార్డును మించిన ఉదాహరణ లేదు. ఫలానా తేదీ నుంచి యార్డుకు సెలవులని ఒక కాగితం ఫొటో రైతుల గ్రూపుల్లో తిరుగుతుందనుకోండి. వేసవిలో యార్డుకు సెలవులు ఇవ్వడం నిజమే కనుక ఆ ఫొటో నమ్మదగినదిగానే కనిపిస్తుంది. కాగితం మీద తేదీ, నెల ఉంటాయి, ఏడాది ఉండకపోవచ్చు. పోయిన ఏటి నోటీసు అయితే, దాన్ని నమ్మిన రైతు సరుకు ఆపుకొని ధర పోగొట్టుకోవచ్చు. నోటీసు ఈ ఏటిదే అయితే, అది అబద్ధమంటూ వచ్చిన ఖండనను నమ్మి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించుకొచ్చిన మరో రైతు, గేటు మూసి ఉంటే లారీ కిరాయి నష్టపోవచ్చు. కనుక జతలకు ఈ పని ఇవ్వండి: ఫొటోలోని విషయాన్ని పక్కనపెట్టి, మార్కెట్ కమిటీ కార్యాలయం నుంచి, ఈ వారం దినపత్రికల జిల్లా పేజీల నుంచి, తమకు తెలిసిన కమీషన్ వ్యాపారి నుంచి విడివిడిగా కనుక్కొని రావాలి. ధరల మాట అయితే కేంద్ర ప్రభుత్వపు ఆగ్‌మార్క్‌నెట్ పోర్టల్లో మార్కెట్ల వారీగా ఉంటాయి. ఒకరి నుంచి ఒకరు విన్న ముగ్గురు సాక్షులు కారనీ, ముగ్గురూ విడిగా తెలుసుకున్నవారై ఉండాలనీ ఈ సాధనలో తేలిగ్గా బోధపడుతుంది.

నాలుగో అడుగు: వెతకడం వచ్చా?

వచ్చు అనే అందరూ అంటారు. ప్రశ్న మొత్తం టైపు చేసి మొదట కనిపించిన దాన్ని నొక్కడం వెతకడం కాదు. వాక్యంలోని ముఖ్యమైన మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం, ఫలితాలను తేదీల వారీగా కుదించడం, ‘సైట్’ అన్న ఆంగ్ల మాట, కోలన్ గుర్తు పెట్టి ప్రభుత్వ సైట్లలోనే వెతకడం, ఒక్కొక్కటి పది నిమిషాలు చేయించండి. తెలుగులో ఒకే పేరుకు నాలుగు రాతలు ఉంటాయి కనుక మిర్చి, మిరప, మిరపకాయ అని మార్చి మార్చి వెతకాలి. ఆంగ్లంలోనూ మరోసారి చూడాలి.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి తప్పక చెప్పండి. గ్యాస్ ఏజెన్సీ, కొరియర్, బ్యాంకు, ఏదైనా సరే, కస్టమర్ కేర్ నంబరును సెర్చ్ ఫలితాల్లో వెతికి ఫోను చెయ్యకూడదు. పైన కనిపించేవి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు కావచ్చు, మోసగాళ్లు పెట్టిన నంబర్లు కావచ్చు. పాస్‌బుక్కు మీద, కార్డు వెనుక, బిల్లు మీద, అసలు యాప్ లోపల ఉన్న నంబరుకే చెయ్యాలి.

వెబ్ చిరునామా చదవడం కూడా ఈ వారమే నేర్పాలి. మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కన ఉండే జంట గీతలను వదిలేసి, వాటి తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆపి, అక్కడి నుంచి వెనక్కి చదవమనండి. చివర ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ అని ఉంటే ప్రభుత్వానిది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అన్న చివరకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ముందువైపు ఎంత పెద్ద బ్యాంకు పేరు రాసి ఉన్నా, చివర మరేదో ఉంటే అది ఆ బ్యాంకుదేనని నమ్మకూడదు. ఇంటి గుమ్మానికి ఎవరి పేరైనా రాసుకోవచ్చు. దస్తావేజు ఎవరి పేరున ఉందో చూడాలని చెబితే పెద్దవారు మరిచిపోరు.

అయిదో అడుగు: బొమ్మ, వీడియో, గొంతు

తప్పుడు బొమ్మల్లో చాలా భాగం కల్పించినవి కావు. పాతవి లేదా వేరే చోటివి. గూగుల్ లెన్స్‌లో బొమ్మ పెట్టి, అది ఇంతకుముందు ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో వెతకడం పది నిమిషాల పాఠం. వీడియో అయితే మధ్యలో రెండు మూడు చోట్ల ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, వాటిని వెతకాలి. దుకాణాల బోర్డుల భాష, బస్సుల రంగు, వాహనాల నంబరు పలకలు, కొండలు చూడమనండి. ఇంద్రకీలాద్రినీ బ్యారేజీనీ రోజూ చూసే కళ్లు మనవి. ఆ చూపునే పనిలో పెట్టాలి.

మార్చిన వీడియోలకు 2023 నవంబరులో నటి రష్మిక మందన్న పేరుతో తిరిగిన లిఫ్టు వీడియో మంచి పాఠం. అది వేరే మహిళ వీడియో. ముఖం మాత్రమే మార్చారు. నెమ్మదిగా నడిపి చూస్తే, ఆమె లిఫ్టులోకి వచ్చే క్షణంలో ముఖం మారడం కనిపించింది. అయితే అలాంటి లోపం ప్రతిసారీ దొరుకుతుందని నేర్పకండి. సాధనాలు మెరుగవుతున్న కొద్దీ కంటికి దొరికే గుర్తులు తగ్గిపోతాయి. బొమ్మలో లోపం వెతకడం కన్నా, అసలు వీడియో ఎక్కడ మొదలైందో వెతకడమే ఎక్కువ కాలం నిలిచే విద్య. గొంతు విషయంలోనూ అంతే. కొడుకు గొంతుతో డబ్బడిగితే ఫోను పెట్టేసి, కొడుకు పాత నంబరుకు మనమే చెయ్యాలి.

ఆరో అడుగు: డబ్బు దగ్గర

ఈ వారం పాఠం చెప్పకండి, నాటకం ఆడించండి. ఒకరు పోలీసు అధికారిగా వీడియో కాల్ చేస్తారు. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, తలుపు వేసుకోండి, ఎవరికీ చెప్పకండి అంటారు. రెండోవారు జవాబివ్వాలి. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ పోలీసులూ వీడియో కాల్‌లో అరెస్టు చెయ్యరు, కేసు తప్పించుకోవడానికి డబ్బు బదిలీ చెయ్యమనరు. ఈ సంగతి విని ఊరుకుంటే భయం పట్టిన క్షణంలో గుర్తు రాదు. నోటితో పలికి ఉండాలి. ‘నేను ఫోను పెట్టేసి మా స్టేషన్‌కే వస్తాను’ అన్న ఒక్క వాక్యాన్ని ప్రతి ఒక్కరితోనూ పైకి అనిపించండి. పెద్ద ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు కూడా మొదటిసారి ఆ వాక్యం అనలేక తడబడడం నేను చూశాను. అందుకే రెండుసార్లు అనిపిస్తాను.

మిగతావి త్వరగా అయిపోతాయి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతుంది. పెళ్లిపిలుపు, చలానా, బ్యాంకు కేవైసీ, ఏ పేరుతో వచ్చినా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును, అంటే ఫోనులోకి యాప్‌ను ఎక్కించే ఫైలును, నొక్కకూడదు. మోసపోతే మొదటి గంట విలువైనది. 1930కి ఫోను చేసి చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. ఆ నంబరును ఆ గదిలోనే ప్రతి ఫోనులోనూ భద్రపరచుకోమనండి. మోసపోయిన మనిషిని ఇంట్లోవాళ్లు నిందించకూడదని కూడా చెప్పండి. తిడతారన్న భయంతోనే చాలామంది ఆ గంటను దాచుకొని పోగొట్టుకుంటారు.

ఏడో అడుగు: పత్రిక చదవడం, యంత్రాన్ని అడగడం

ఒకే రోజున, ఒకే సంఘటన గురించి మూడు తెలుగు దినపత్రికలు తెప్పించి పక్కపక్కన పరచండి. ఏది ఏ పేజీలో వేశారు, శీర్షికలో ఉన్న మాట లోపల వార్తలో ఉందా, ఎవరి మాటలు ఉటంకించారు, ఎవరిని అడగలేదు అని గుర్తించమనండి. వార్తకూ, సంపాదకీయానికీ, ప్రకటనకూ తేడాను రంగు పెన్సిళ్లతో గీయిస్తే చాలు. ‘పరిశోధనలో తేలింది’ అన్న మాట కనబడితే, ఎవరి పరిశోధన, ఎంతమంది మీద, మనుషుల మీదా ఎలుకల మీదా అని అడిగించండి.

విద్యార్థులు ఇప్పుడు అసైన్‌మెంట్ల కోసం చాట్‌బాట్‌లను అడుగుతున్నారు. వద్దంటే మానరు, మానవలసిన అవసరమూ లేదు. అవి లేని పుస్తకాన్ని, లేని వ్యాసాన్ని, ఉన్నట్టే రచయిత పేరుతో, పేజీ నంబరుతో చెప్పగలవన్నది మాత్రం చేతులారా చూడాలి. యంత్రం ఇచ్చిన ప్రతి ఆధారాన్నీ గ్రంథాలయ జాబితాలోనో, నేషనల్ డిజిటల్ లైబ్రరీలోనో, మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలుండే శోధ్‌గంగలోనో వెతికి, దొరికిన దానికి పేజీ తెరిచి చూపించమనండి. దొరకనిది కొట్టివేయాలి. ఒక గంటలో తామే రెండు మూడు కొట్టివేసిన విద్యార్థికి ఇంకే హెచ్చరికా అక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: ఇంట్లో పెద్దలతో మాట్లాడడం

ఇది అందరికన్నా విద్యార్థులకు కష్టమైన అడుగు. కుటుంబ గ్రూపులో పెదనాన్న పంపిన వీడియో కింద అందరూ చూస్తుండగా ‘ఇది ఫేక్’ అని రాస్తే, వీడియో సంగతి పోయి మర్యాద సంగతి మొదలవుతుంది. విడిగా ఫోను చేసి, ‘పెదనాన్నగారూ, ఆ వీడియో చూసి నాకూ భయమేసింది, వెతికితే పాతదని, వేరే ఊరిదని తేలింది, మీరే గ్రూపులో ఒక మాట చెబితే అందరూ వింటారు’ అనడం నేర్పండి. పెద్దరికం చెడలేదు, తప్పు దిద్దుబాటయింది.

దిద్దేటప్పుడు తప్పుడు మాటను పదేపదే ఉటంకించకూడదు. పదేపదే విన్న మాట నిజంలా తోస్తుందని 1977లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపారు. తర్వాత ఎన్నో అధ్యయనాలు దాన్ని బలపరిచాయి. కనుక నిజంతో మొదలుపెట్టి, మధ్యలో ఒక్కసారి పొరపాటును చెప్పి, మళ్లీ నిజంతోనే ముగించాలి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే ఆ సందేశం కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినవారికి తెలిసిన మాట కాదది. ఆ గుర్తు చూపించడమే ఒక్కోసారి చాలు.

నేర్చుకున్నారో లేదో చూడడం

మొదటిరోజున ఆరు సందేశాలు ఇచ్చి ఏవి నమ్మవచ్చో రాయించుకోండి. వాటిలో మూడు నిజమైనవి ఉండి తీరాలి. చివరివారం అలాంటివే వేరే ఆరు ఇవ్వండి, మూడు నెలల తర్వాత మరో ఆరు. అబద్ధాన్ని నమ్మినవి ఎన్ని, నిజాన్ని కాదన్నవి ఎన్ని అని విడివిడిగా లెక్కించాలి. ఇలాంటి తరగతులు నడిపేవారు ఎక్కువగా జారిపడేది ఇక్కడే అని నా నమ్మకం. ప్రతిదాన్నీ అనుమానించడం నేర్చుకున్న బృందానికి, అబద్ధాలు మాత్రమే పెట్టిన పరీక్షలో నూటికి నూరు వస్తాయి. కానీ వరద హెచ్చరిక నిజంగా వచ్చిన రోజున కూడా వాళ్లు కదలరు. నిజమైన హెచ్చరికను నిమిషంలో గుర్తించి నమ్మగలిగినప్పుడే పాఠం అబ్బినట్టు.

తరగతులు అయిపోయాక గ్రంథాలయంలో, వార్తాపత్రికల బల్ల మీద, ఒక విచారణ పుస్తకం పెట్టండి. తేదీ, సందేశం సారాంశం, ఎక్కడెక్కడ వెతికారు, ఏమి తేలింది, ఎంతసేపు పట్టింది అని అయిదు గడులు చాలు. పంపినవారి పేరుకు గడి వద్దు. తేలని వాటికి ‘తేలలేదు’ అని రాయనివ్వండి. మా దగ్గర ఆ పుస్తకంలో ఎక్కువ పేజీలు నింపింది విద్యార్థులు కాదు. ఉదయం పూట పేపరు చదవడానికి వచ్చే విశ్రాంత ఉద్యోగులు. తర్వాతి బృందానికి జతగా కూర్చోవడానికి వాళ్లలో నలుగురు ముందే పేర్లు ఇచ్చి వెళ్లారు.